స్టాండప్ ఎత్తేద్దామన్నది నేనే

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో రోజువారీ స్టాండప్ (ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో అందరూ చెప్పుకునే చిన్న మీటింగ్) ఎత్తేద్దామని ముందుగా నోరు తెరిచింది నేనే. ఇవాళ స్టాండప్ ఉండాల్సిందేనని వాదించబోతున్నాను కాబట్టి ఈ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది, లేకపోతే అప్పటి కొలీగ్స్ ఎవరైనా ఇది చదివితే నవ్వుతారు.

నాలుగేళ్ల కిందటి మాట. టీమ్‌లో పదముగ్గురం. పొద్దున పదిన్నరకి కాల్. మేనేజర్ టీమ్ పనుల జాబితా ఉండే జిరా బోర్డు షేర్ చేసి, పైనుంచి కిందకి ఒక్కో టికెట్ (అంటే ఒక్కో పని) మీద కర్సర్ పెట్టి "ఇది ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. నలభై నిమిషాలు పట్టేది. నా వంతు నిమిషం కూడా ఉండదు. మిగతా ముప్పై తొమ్మిది నిమిషాల్లో మ్యూట్‌లో పెట్టి కూరగాయలు ఆర్డర్ చేసుకున్న రోజులున్నాయి, ఉప్పల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని అటెండ్ అయిన రోజులున్నాయి (స్టాండప్‌లో నేను నిజంగా నిలబడింది ఆ మెట్రోలోనే). "నిన్న ఏపీఐ పని చేశాను, ఇవాళ కూడా అదే, బ్లాకర్స్ ఏం లేవు" (బ్లాకర్స్ అంటే పనికి అడ్డం పడేవి) అనే ముక్క స్కూల్లో ప్రతిజ్ఞలా నోటికొచ్చేసింది. అమీర్‌పేటలో రైలు తలుపులు తెరుచుకునేలోపు అప్పజెప్పేసేవాణ్ణి.

ఒకరోజు ఒళ్లుమండి లెక్కేశాను. పదముగ్గురు, నలభై నిమిషాలు, అంటే 520 నిమిషాలు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు. రోజూ ఒక మనిషి పూర్తి పనిదినాన్ని ఈ కాల్ తినేస్తోందని ఎక్సెల్‌లో పెట్టి చూపించాను. మేనేజర్ కాదనలేకపోయారు. స్టాండప్ తీసేసి చాట్‌లో ఒక బాట్ పెట్టాం. అది రోజూ పొద్దున్నే నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, ఎక్కడైనా ఆగిపోయావా అని అడుగుతుంది, మనం మూడు లైన్లు టైప్ చేసి పడేస్తే అయిపోతుంది. మొదటి వారం టీమంతా నన్ను హీరోలా చూసింది. చాయ్ కూడా ఇప్పించారు.

మూడు నెలలు బాగానే నడిచింది. నడిచిందనే అనుకున్నాం.

టీమ్‌లో ఒక కుర్రాడు కొత్తగా చేరాడు, కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు, మొదటి ఉద్యోగం. అతనికి పేమెంట్ పని ఇచ్చాం. కస్టమర్ డబ్బు కట్టాక పేమెంట్ గేట్‌వే మన సర్వర్‌కి "డబ్బు అందింది" అని కబురు పంపుతుంది కదా, దాన్నే కాల్‌బ్యాక్ అంటాం, ఆ కబురు అందుకుని ఆర్డర్‌ని ముందుకు నడిపే కోడ్ రాయాలి. రాశాడు. టెస్ట్ సర్వర్‌లో కాల్‌బ్యాక్ రావట్లేదు. తన కోడ్‌లోనే తప్పుందనుకున్నాడు. తిరగరాశాడు. మళ్లీ రాలేదు. లాగ్స్ పెట్టాడు, లైబ్రరీ మార్చాడు, ఇంటికెళ్లాక రాత్రి పన్నెండింటి దాకా కూర్చున్నాడట. బాట్‌కి మాత్రం ఎనిమిది పనిదినాలు ఒకటే జవాబు: "కాల్‌బ్యాక్ హ్యాండ్లింగ్, ఇన్ ప్రోగ్రెస్. బ్లాకర్స్ లేవు."

తొమ్మిదో రోజు నేను వేరే పనిమీద ఫోన్ చేస్తే గొంతు తేడాగా ఉంది. ఏంటని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నాకూ తెలియలేదు. గ్రూప్‌లో పెడితే మా సీనియర్ ఒకామె పది సెకన్లలో జవాబిచ్చింది: గేట్‌వే వాళ్లు పోయిన నెల ఐపీ అడ్రస్‌లు మార్చారు, మన ఫైర్‌వాల్‌లో కొత్తవి కలపాలి, నా మాడ్యూల్‌కి నేను కలిపించుకున్నాను, నీ సర్వర్‌కి కూడా టికెట్ వెయ్యి. అంటే కొత్త అడ్రస్ నుంచి వచ్చిన కబురుని సర్వర్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ గుమ్మంలోనే ఆపేస్తోంది. అంతే. అతని మొదటి రోజు కోడే కరెక్టు. ఎనిమిది రోజులు బాగున్న కోడ్‌ని పాడుచేసుకుంటూ కూర్చున్నాడు.

ఎందుకడగలేదురా అంటే, "అన్నా, మీరందరూ బిజీ కదా, ఇంత చిన్నదానికి కాల్ పెట్టి పిలవడం ఏంటని ఆగాను" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. స్టాండప్‌ని నేను సమాచారం చేరవేసే బండి అనుకున్నాను. సమాచారమే అయితే చాట్ చాలు, నా వాదనలో తప్పులేదు. కానీ ఆ కుర్రాడి దగ్గర లేనిది సమాచారం చేరవేసే దారి కాదు, బాట్ రోజూ అడుగుతూనే ఉంది. అతని దగ్గర లేనిది అడిగే చనువు. "అవసరమైతే కాల్ పెట్టుకుందాం" అని మేం గొప్పగా చెప్పుకున్న పద్ధతిలో, ఆ అవసరం ఉందని తేల్చాల్సింది ఎవరు? పన్నెండు మంది క్యాలెండర్లలో ఖాళీ వెతికి "నాకు రావట్లేదు" అనే విషయం మీద ఇన్వైట్ పంపే ధైర్యం ఎవరికుంటుంది? నాకుంటుంది, పన్నెండేళ్ల అనుభవం ఉంది, నాకు రాకపోతే అది సిస్టమ్ తప్పే అని అందరూ నమ్ముతారు. అతనికి రాకపోతే అతని తప్పనుకుంటారని అతని భయం. మొహమాటం అనే మాటకి మనకి ఉన్నంత బరువు ఇంకెక్కడైనా ఉంటుందో లేదో గానీ, ఆఫీసుల్లో అది తినేసిన పనిగంటల్ని ఎవరూ ఏ ఎక్సెల్‌లోనూ పెట్టరు. నేనూ పెట్టలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను, కొంచెం పక్కదారే. ఊళ్లో అమ్మానాన్నా ఇద్దరే ఉంటారు. ఒకప్పుడు పనుంటేనే ఫోన్లు, అందుకని వేళకాని వేళ అమ్మ పేరు స్క్రీన్ మీద కనపడితే గుండె గుభేలుమనేది, ఆవిడకీ అది తెలుసు కాబట్టి చిన్నచిన్నవి చెప్పడం మానేసింది. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి నేనే చేస్తున్నాను. తొంభై శాతం పనికిమాలిన మాటలే: ఏం కూర, ఎవరింట్లో పెళ్లి, కరెంటు పోయిందా. కానీ మొన్నొకరోజు బీరకాయ ధర గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ "నిన్న బాత్రూంలో కాలు జారిందిలే, ఏం కాలేదు" అంది. ఆ ఒక్క మాట కోసం ఆవిడ పనిగట్టుకుని ఫోన్ చేసేది కాదు, చచ్చినా చేసేది కాదు. రోజూ ఉండే ఫోన్ కాబట్టి బీరకాయల పక్కన దానికీ ఇంత చోటు దొరికింది. స్టాండప్‌లో "ఆఁ, అన్నట్టు, ఆ కాల్‌బ్యాక్ ఎందుకో రావట్లేదు" అనే మాటకి దొరికేదీ అలాంటి చోటే.

చాట్ బాట్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అందరం రాస్తాం, ఎవరం చదవం. ఆ ఎనిమిది రోజుల్లో వచ్చిన మెసేజ్‌లు తర్వాత వెనక్కెళ్లి చూశాను, ఆ సీనియర్ మెసేజ్ అతని మెసేజ్ కిందే ఉంది, ఒకదానికింద ఒకటి, రోజూ. ఇద్దరూ రైలు పెట్టెలో పక్కపక్క సీట్లలో కూర్చుని పలకరించుకోని ప్రయాణికుల్లా ఉన్నారు. పైగా "ఇన్ ప్రోగ్రెస్" అని రాసిన దానికి గొంతు ఉండదు. అదే నోటితో చెప్తే ముందొక క్షణం తటపటాయింపు వినపడుతుంది, రెండోరోజు కూడా వినపడితే ఎవరో ఒకరు "ఏమైంది బ్రో?" అంటారు.

ఈ రోజువారీ స్టాండప్ స్క్రమ్ అనే పని పద్ధతిలో భాగం, ఆ మాట ఎక్కడిదో తెలిస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 1986లో తకెవుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు హోండా, కెనన్ లాంటి కంపెనీలు కొత్త వస్తువులు ఎలా తయారుచేస్తున్నాయో చూసి ఒక వ్యాసం రాశారు. పాత పద్ధతి రిలే పరుగులాంటిది, ఒకడు తన వంతు పరిగెత్తి కర్ర తర్వాతవాడి చేతిలో పెడతాడు, వీళ్లది మాత్రం రగ్బీలా ఉంది, అందరూ కలిసి కదులుతూ బంతిని తమలో తాము అందించుకుంటూ పోతారు అన్నారు. స్క్రమ్ అన్నది ఆ రగ్బీ మాటే. జెఫ్ సదర్లాండ్ 1993లో ఈజెల్ అనే కంపెనీలో మొదటి స్క్రమ్ టీమ్ నడిపినప్పుడు రోజూ కలవడం పెట్టాడు. బోర్లాండ్ అనే కంపెనీలో క్వాట్రో ప్రో అనే స్ప్రెడ్‌షీట్ చేసిన టీమ్ రోజూ కూర్చుని మాట్లాడుకునేదని జిమ్ కోప్లియన్ రాసింది చదివి ఆ అలవాటు తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. కెన్ ష్వాబర్‌తో కలిసి దాన్ని బయటి ప్రపంచం ముందు పెట్టింది 1995లో. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని, స్క్రమ్ లాంటి పద్ధతులన్నిటికీ గొడుగులాంటి ఎజైల్ మానిఫెస్టో రాసినప్పుడు, ఎదురెదురుగా మాట్లాడుకోవడాన్ని మించిన దారి లేదని దాని సూత్రాల్లో ఒకటిగా చేర్చారు. బాట్ పెట్టి నేను చేసిందేమిటంటే రగ్బీ టీమ్‌ని మళ్లీ రిలే టీమ్‌గా మార్చడం. ఎవడి ట్రాక్‌లో వాడు.

మరి ఆ నలభై నిమిషాల కాల్ సంగతేంటి అంటారా? దాన్ని నేను ఇప్పటికీ సమర్థించను. అది స్టాండప్ కాదు, హాజరుపట్టీ. ఎజైల్ పేరుతో మన ఆఫీసుల్లో నడిచేవాటిలో చాలా భాగం ఇదే, టీచరు హోంవర్క్ చూసినట్టు మేనేజర్ ఒక్కొక్కరినీ అడగడం, మిగతావాళ్లు తమ వంతు కోసం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం. తమాషా ఏంటంటే సదర్లాండ్, ష్వాబర్ రాసిన స్క్రమ్ నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్‌లో ఇదేదీ లేదు. నిలబడమని లేదు. మేనేజర్‌కి రిపోర్టు ఇవ్వమని లేదు. అది డెవలపర్ల మీటింగ్, పదిహేను నిమిషాలు, స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) లక్ష్యం వైపు వెళ్తున్నామా లేదా చూసుకుని ఇవాల్టి ప్లాన్ మార్చుకోవడానికి. మనం వేదంలా వల్లించే ఆ మూడు ప్రశ్నలు (నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, ఎక్కడ ఆగావు) కూడా 2017 గైడ్‌లో "కావాలంటే" అన్న స్థాయికి దిగి, 2020 గైడ్‌లో పూర్తిగా ఎగిరిపోయాయి. మన దగ్గర మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

మంది సంఖ్య కూడా చూడాలి. ఒక టీమ్‌లో ఎంతమంది ఉంటే వాళ్ల మధ్య ఎన్ని జతలు ఏర్పడతాయో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే లెక్క చెప్పాడు. ఏడుగురుంటే 21 జతలు, పదముగ్గురుంటే 78. పదముగ్గురి స్టాండప్‌లో ఎవరి మాటా ఎవరికీ పట్టకపోవడం వాళ్ల బద్ధకం కాదు, నిజంగానే ఆ మాటల్లో ఎక్కువభాగం వాళ్లకి సంబంధం లేనివి. స్క్రమ్ గైడ్ పది మందికి మించకుండా ఉంటే మంచిదంటుంది. మేం టీమ్‌ని ఏడుగురు, ఆరుగురుగా విడగొట్టాం. ఇప్పుడు ఏడుగురం, పదిహేను నిమిషాలు, పది పనిదినాల స్ప్రింట్‌కి మొత్తం పదిహేడున్నర గంటలు. ఆ కుర్రాడి ఎనిమిది రోజులు ఎంత? 64 గంటలు, రాత్రి పన్నెండు దాకా కూర్చున్నవి కలపకుండా. మూడున్నర స్ప్రింట్ల స్టాండప్ ఖర్చు ఒక్క మొహమాటం కింద పోయింది. స్టాండప్ ఉంటే అది కచ్చితంగా బయటపడేదా అంటే ప్రమాణం చేసి చెప్పలేను, కానీ రెండో రోజో మూడో రోజో పడేదనే నా నమ్మకం.

మా అక్క ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. డ్యూటీ మారేటప్పుడు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి ఒక్కో మంచం దగ్గరా ఆగి మాట్లాడుకుంటారు. అన్నీ ఫైల్లో ఉంటాయి కదా, ఇంటికెళ్లే టైంలో మళ్లీ ఈ కబుర్లెందుకే అని ఒకసారి అడిగాను. అప్పుడు నేను మీటింగులంటే మండిపడే రోజుల్లో ఉన్నాను. అది నవ్వి, "రాత్రి రెండింటికి ఆక్సిజన్ సాచురేషన్ ఒకసారి పడింది, మళ్లీ సర్దుకుంది అని ఫైల్లో ఉంటుంది. 'ఎందుకో నాకు అనుమానంగా ఉంది, ఓ కన్నేసి ఉంచు' అన్నది ఏ ఫారంలో రాయమంటావురా?" అంది.

ఆపరేషన్ థియేటర్లో ఇదే పనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి తెచ్చింది. అందులో నాకు భలే నచ్చిన అంశం, కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ పేరు, తాను చేసే పని చెప్పుకోవాలి. ఒకసారి నోరు విప్పిన మనిషి రెండోసారి "డాక్టర్, ఒక్క నిమిషం" అనడానికి అంతగా జంకడు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. కానీ కథ అక్కడ ఆగలేదు. కెనడాలోని ఆంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో వస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. కాగితం మీద టిక్కులు పడ్డాయి గానీ జనం నిజంగా ఆగి మాట్లాడుకున్నారా అని చాలామంది నిపుణులు అడిగారు. మా పాత స్టాండప్ నాకు ఇక్కడే గుర్తొస్తుంది. బ్లాకర్స్ లేవు, టిక్. బ్లాకర్స్ లేవు, టిక్.

మీటింగులు తీసేసినవాళ్లు అందరూ నాలా తొందరపడ్డారని కాదు. 2023 జనవరిలో ఆన్‌లైన్ దుకాణాలకి సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై కంపెనీ ఇద్దరికి మించిన రికరింగ్ మీటింగులన్నీ క్యాలెండర్లలోంచి ఒక్కసారిగా తీసిపారేసింది, రెండు వారాలు ఆగి నిజంగా కావాల్సినవే తిరిగి పెట్టుకోమంది. బూజు దులపడంగా అది మంచి పనే, ఏడాదికోసారి ప్రతి ఆఫీసూ చేయొచ్చు. అలాగే ప్రోగ్రామర్లు గంటల లెక్కన కాదు, పూటల లెక్కన పనిచేస్తారని, మధ్యలో ఒక్క మీటింగ్ వస్తే పూట మొత్తం పాడవుతుందని పాల్ గ్రాహం 2009లో రాసింది అక్షరాలా నిజం, నా ఒంటికి తెలుసు. అందుకే పదిన్నర స్టాండప్ పరమ దరిద్రం, పదికి వచ్చినవాడు అరగంటలో ఏం మొదలుపెడతాడు? మేం దాన్ని మధ్యాహ్నం 12:45కి మార్చాం. ఒంటిగంటకి భోజనం. ఆకలి కన్నా మంచి టైమ్‌కీపర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు.

స్క్రమ్‌లోని మిగతా మీటింగుల్లో ప్లానింగ్, రివ్యూల గురించి పెద్దగా చెప్పను, అవి ఎలాగూ జరుగుతాయి, క్లయింట్ అడుగుతాడు కాబట్టి. నోరు లేనిది రెట్రోస్పెక్టివ్, అంటే పని ఎలా సాగిందో, ఏం మార్చుకోవాలో టీమ్ వెనక్కి తిరిగి చూసుకునే మీటింగ్. పని ఒత్తిడి పెరగ్గానే మొదట దాని మీదే కత్తి పడుతుంది. మాదీ మొదట్లో ఘోరంగా ఉండేది, మేనేజర్ కూర్చుని "ఏం బాగాలేదో ఫ్రీగా చెప్పండి" అంటే ఎవరు చెప్తారు, "టీమ్ స్పిరిట్ బాగుంది" అని పచ్చ కాగితాలు నాలుగు అంటించి లేచేవాళ్లం. ఆయన రావడం మానేశాక కూడా రెండు మూడుసార్లు అదే తంతు. నాలుగోసారి అనుకుంటా, ఒకమ్మాయి, అప్పటికి రెండేళ్లుగా టీమ్‌లో ఉంది, "నైట్ కాల్ టైమ్ మా పాపకి అన్నం పెట్టే టైమ్, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఒక చేతిలో గిన్నె, నాకు ఏ రోజూ సగం కాల్ అర్థం కాదు" అంది. మా క్లయింట్ డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల పొద్దున తొమ్మిది మనకి వేసవిలో రాత్రి ఏడున్నర, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం వెనక్కి జరిగాక ఎనిమిదిన్నర. అది దేవుడు పెట్టిన టైమ్ అన్నట్టు అందరం సర్దుకుపోయాం. మర్నాడు అక్కడి లీడ్‌ని అడిగితే, నేను ఏడింటికే డెస్క్ దగ్గరుంటాను, ఏడున్నరకి పెట్టుకుందాం, ఇన్నాళ్లూ ఎందుకడగలేదు అన్నాడు. ఇప్పుడు మనకి వేసవిలో ఆరు, చలికాలంలో ఏడు. రెండేళ్ల అన్నం గిన్నె అరనిమిషం మెయిల్‌తో తీరిపోయింది. ఆ అరనిమిషం మాట బయటికి రావడానికి నాలుగు రెట్రోలు పట్టాయి, మొదటి మూడూ దండగలాగే కనపడ్డాయి. మూడో దాని తర్వాత "ఇందులో విలువేముంది" అని నా ఎక్సెల్ మళ్లీ తెరిచి ఉంటే నాలుగోది ఉండేదే కాదు.

ఇవాళ్టి మా స్టాండప్ ఏమంత గొప్పగా ఉండదు. బోర్డు తెరవం. ఒకరి తర్వాత ఒకరు కాకుండా, ఏ పని ఆగిందో దాని దగ్గర మొదలుపెడతాం. ముందు మాట్లాడేది సీనియర్, అదీ తనకి రానిదాని గురించి. ఈ ఒక్క నియమం మాత్రం నేను పట్టుబట్టి పెట్టించాను, నేనే మొదటి రోజు "ఈ క్వెరీ ఎందుకు స్లోగా ఉందో నిన్నటి నుంచి తల పట్టుకున్నాను" అన్నాను, కొంచెం నటన ఉంది అందులో, ఒప్పుకుంటాను. కొన్ని రోజులు ఆరు నిమిషాల్లో అయిపోతుంది. కొన్ని రోజులు క్రికెట్ కబుర్లే. ఒకాయన ఇప్పటికీ మంచం మీంచే అటెండ్ అవుతాడు, ఫ్యాన్ చప్పుడు వినపడుతుంది, పోనీలే అని ఊరుకున్నాం. ఆ కాల్‌బ్యాక్ కుర్రాడు మాత్రం ఇప్పుడు తగ్గట్లేదు, మొన్న నేను రాసిన కోడ్ గురించే "అన్నా, ఇది నాకర్థం కాలేదు, నీకైనా అర్థమైందా?" అని అందరి ముందూ అడిగాడు.

పాత మేనేజర్ వెళ్లిపోయారు. కొత్తాయన వచ్చి రెండు వారాలైంది, మంచివాడే. సోమవారం నుంచి 12:45 కాల్‌కి తానూ వస్తానని, ఒక షీట్ పెడతానని, అందులో ఎవరి టికెట్ శాతం వాళ్లు నింపితే చాలని శుక్రవారం మెయిల్ పెట్టాడు. ఆయన్ని రావద్దని ఎవరో ఒకరు చెప్పాలి. టీమంతా నావైపే చూస్తోంది. శనివారం నుంచి ఆ మెయిల్‌కి జవాబు రాస్తున్నాను, చెరుపుతున్నాను, ఇప్పుడు ఆదివారం రాత్రి పదకొండయింది. ఇంకా పంపలేదు.